ఎండాకాలం చివర్లో పెరటి కాయగూరలు: ఎప్పుడు కోయాలి, ఎలా కోయాలి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. అంత ఎండలో కూడా పెరట్లో బెండ, వంగ, బీర, సొర, కాకర, దోస, గోంగూర కాస్తూనే ఉంటాయి, కాకపోతే మిగతా కాలంలో కోసినట్టు తీరిగ్గా కోస్తానంటే కుదరదు. మే మూడో వారం నుంచి మొదటి గట్టి వాన పడేదాకా లెక్కే వేరు. కాయ త్వరగా ముదిరిపోతుంది, కోసిన కాసేపటికే వడలిపోతుంది, దోస, సొర లాంటివాటికి చేదు తగిలే అవకాశం ఎక్కువ. పైగా ఏ సాయంత్రమైనా గాలివాన వచ్చి పందిరి మొత్తం పడేసి పోవచ్చు. అందుకని ముందే చెప్పేస్తున్నా: ఈ రోజుల్లో కాయ పెద్దదవ్వాలని ఎదురుచూడకండి, లేతగా ఉండగానే కోయండి, తరచుగా కోయండి.

"ఇంకో రెండు రోజులుంచితే ఇంటిల్లిపాదికీ కూర అవుతుంది కదా" అని అందరికీ అనిపిస్తుంది. కానీ మొక్క కాసేది మన కూర కోసం కాదు, గింజ కోసం. ఒక్క బీరకాయ గింజ ముదిరేదాకా తీగ మీద ఉండిపోయిందంటే మొక్క తన సత్తువంతా అటు మళ్లిస్తుంది, కొత్త పిందెలు పసుపు తిరిగి రాలిపోతాయి, పూత తగ్గుతుంది. చలికాలంలో అయితే ఎలాగో నెట్టుకొస్తుంది గానీ, వేళ్లకు అందే నీళ్లే అంతంతమాత్రంగా ఉండే మే నెలలో ఒక్క ముదురు కాయ తీగ మొత్తం కాపును ఆపేస్తుంది. కూరకు చాలకపోతే నాలుగు బెండకాయలూ రెండు వంకాయలూ కలిపి పులుసు పెట్టుకోండి, లేదా ఇవాళ కోసినవి ఫ్రిజ్‌లో పెట్టి ఎల్లుండి కోసినవాటితో కలిపి వండుకోండి, అంతేగానీ కాయను చెట్టు మీద దాచుకోవద్దు.

ఏ వేళలో కోయాలి

తెల్లవారుజామున. ఐదున్నర నుంచి ఏడులోపు అయిపోవాలి, ఎండ నెత్తికెక్కాక వద్దు. పగలంతా ఆకుల నుంచి ఆవిరైపోయిన నీటిని మొక్క రాత్రిపూట వేళ్ల నుంచి లాగి నింపుకుంటుంది కాబట్టి తెల్లారేసరికి కాయ, ఆకు బిగువుగా ఉంటాయి. అదే మధ్యాహ్నం రెండింటికి కోసిన బెండకాయ చేతిలో మెత్తగా వాలిపోతుంది, దాన్ని ఫ్రిజ్‌లో పెట్టినా ఆ బిగువు తిరిగి రాదు. ముందు రోజు సాయంత్రం పాదులకు నిండుగా నీళ్లు పెడితే పొద్దున్నే కోతకు ఇంకా బాగుంటుంది. పొద్దున కుదరని ఉద్యోగస్తులు సూర్యుడు దిగాక సాయంత్రం ఆరున్నర తర్వాత కోసుకోవచ్చు, ఆకుకూరలు మాత్రం అప్పుడు కోయకండి, అవి పొద్దున్నే.

నేల మీద పెరడు ఉన్నవాళ్లు చీకట్లో పాదుల్లో చెయ్యి పెట్టేముందు టార్చ్ వేసి, కర్రతో ఆకులు కదిపి చూడండి. ఎండలకు నీళ్లు పెట్టిన తడి చోటు వెతుక్కుంటూ కప్పలు వస్తాయి, కప్పల వెనకాలే పాములు వస్తాయి. మిద్దె తోటల వాళ్లకు ఈ టెన్షన్ లేదు, వాళ్ల బాధంతా కాళ్లు కాలడమే.

ఒక చిన్న కత్తెర, ఒక చాకు, పలుచటి తడి గుడ్డ పరిచిన బుట్ట, ఇవి చాలు. చేత్తో లాగి తెంపే అలవాటు ఉంటే మానుకోండి. లాగినప్పుడు కాయతోపాటు కాండం పైచర్మం కూడా చీరుకుని వస్తుంది, ఆ గాయం ఎండకు ఎండి ఆ కొమ్మే చచ్చిపోతుంది. ముచ్చికతో సహా కత్తిరిస్తే కాయ కూడా రెండు రోజులు ఎక్కువ నిలుస్తుంది. కోసిన బుట్టను ఎండలో వదిలేసి మిగతా మొక్కలు చూస్తూ కూర్చోవద్దు, నీడలోకి మార్చుకుంటూ పోండి. వేపనూనె లాంటిది పిచికారీ చేయాల్సి ఉంటే ముందు కాయలన్నీ కోసేసుకుని, ఆ సాయంత్రం చేయండి.

బెండ

ఈ కాలంలో పెరట్లో రాజు బెండే. లోపల ముదురు ఎరుపు మచ్చతో పసుప్పచ్చ పువ్వు ఒక్కరోజే విచ్చుకుంటుంది. అది వాడిన నాలుగైదు రోజులకు కాయ మూడు నాలుగు అంగుళాలు అవుతుంది, అదే కోత. మే ఎండల్లో ఆరో రోజుకే పీచు కట్టేస్తుంది. అందుకే బెండను రోజు విడిచి రోజు కోయాల్సిందే, మధ్యలో ఊరెళ్తే పక్కింటివాళ్లకు చెప్పి వెళ్లండి, వాళ్లే కోసుకుని వండుకున్నా మనకే లాభం, మొక్క ఆగకుండా కాస్తుంది.

మార్కెట్లో అందరం చేసే పనే, తోక విరిచి చూడటం, అమ్మేవాళ్లు తిడుతున్నా చేస్తాం. మన పెరట్లో ఆ అవసరం లేదు. చివర్న వేలితో కొద్దిగా వంచండి, టక్కున విరిగేలా అనిపిస్తే లేత, రబ్బరులా వంగితే ముదురు. ముదురు కాయ అయినా సరే కోసెయ్యండి, వండుకోకపోయినా ఫర్వాలేదు, మొక్క మీద మాత్రం ఉంచకండి (గింజకు కావాలనుకున్నది తప్ప, దాని సంగతి చివర్న చెప్తాను). బెండ ఆకులకూ కాయలకూ ఉండే నూగు చాలామందికి దురద తెప్పిస్తుంది, పాత ఫుల్ హ్యాండ్స్ చొక్కా ఒకటి ఆ పనికే పెట్టుకోండి.

ఆకుల ఈనెలు పసుప్పచ్చగా మారి, కాయలు పాలిపోయి గట్టిగా వస్తుంటే అది పల్లాకు తెగులు. తెల్లదోమ మోసుకొస్తుంది, ఎండాకాలంలో దోమ ఎక్కువ కాబట్టి ఇదీ ఎక్కువే. ఆ కాయ తింటే మనకేం కాదు గానీ రుచి ఉండదు, మొక్కకు మందు లేదు. పీకి అవతల పారేస్తే పక్క మొక్కలు మిగులుతాయి.

వంగ

వంకాయకు కొలత కన్నా మెరుపు ముఖ్యం. తోలు నిగనిగలాడుతూ ఉండాలి. బొటనవేలితో నెమ్మదిగా నొక్కితే సొట్ట పడి మళ్లీ పైకి లేవాలి. అసలు సొట్టే పడకపోతే ఇంకా పిందె, పడిన సొట్ట అలాగే ఉండిపోతే గింజ ముదిరినట్టు. మెరుపు పోయి మసకబారిందంటే లోపల గింజలు గోధుమరంగుకి తిరిగి ఉంటాయి, కూర కనరెక్కుతుంది. గుత్తి వంకాయకు పెద్ద నిమ్మకాయంత ఉన్నప్పుడే కోసెయ్యండి, ఎండల్లో అది దాటితే మసాలా ఎంత కూరినా లోపల గింజల సంచే. తొడిమకు ముళ్లుండే రకాలు ఉంటాయి, కత్తెర లేకుండా వెళ్లొద్దు. కాయ కాడ కర్రలా గట్టిపడి ఉంటుంది కాబట్టి లాగితే కొమ్మే ఊడి చేతికొస్తుంది.

కాయకు చిన్న బెజ్జం, దాని చుట్టూ పొట్టులాంటి మురికి కనిపిస్తే లోపల పురుగు ఉన్నట్టే. కొమ్మ చివర తల వాల్చేసినా అదే పురుగు, కొమ్మను తొలుస్తోంది. అలాంటి కాయలను, ఆ వాలిన కొమ్మ చివరలను కోసి, ఒక ప్లాస్టిక్ కవర్లో వేసి మూతి గట్టిగా కట్టి రెండు మూడు రోజులు ఎండలో పడేయండి, ఈ ఎండకు లోపల ఏదీ బతకదు. కంపోస్టు గుంతలో మాత్రం వేయకండి, అక్కడ హాయిగా ప్యూపా కట్టి రెక్కల పురుగై తిరిగొస్తుంది.

వంగలో ఇంకో సౌకర్యం ఉంది. కాపు తగ్గి, ఆకులు చిన్నవైపోయిన మొక్కను పీకేయొద్దు. జూన్ మొదట్లో, వానలకు కాస్త ముందు, మొదలు నుంచి అడుగు ఎత్తు ఉంచి పైదంతా కత్తిరించి, పాదులో రెండు దోసిళ్ల పశువుల ఎరువు వేసి నీళ్లు పెట్టండి. కొత్త చిగుళ్లు వేసి వానాకాలంలో మళ్లీ కాపుకొస్తుంది, ఆ వయసు మొక్కకు వేరు బలం ఉంటుంది.

టమాటా, మిరప

టమాటా ఎండాకాలానికి పడే మొక్క కాదు. మదనపల్లె వైపు వేసవిలోనూ బాగా కాస్తుందంటే అది ఎత్తు ప్రాంతం కాబట్టి. విజయవాడ, ఖమ్మం, రామగుండం ఎండలకు పూతంతా రాలిపోతుంది, పగలు 35 డిగ్రీలు దాటి రాత్రిళ్లు కూడా చల్లబడకపోతే పుప్పొడి పనిచేయదు. కాబట్టి ఏప్రిల్‌లో నిలిచిన కాయలే మనకు దిక్కు, వాటిని కాపాడుకోవాలి.

చాలామంది "కాయ ఎర్రబడటం లేదు, నారింజ రంగులోనే ఆగిపోయింది, మొక్కకేదో రోగం" అనుకుంటారు. రోగం కాదు. టమాటాకు ఎరుపునిచ్చే లైకోపీన్ అనే పదార్థం 30 డిగ్రీలు దాటిన వేడిలో సరిగ్గా తయారవదు, పసుపు రంగునిచ్చేవి మాత్రం తయారవుతూనే ఉంటాయి, అందుకే ఆ రంగు. దానికి చెట్టు మీద ఎదురుచూస్తే ఎండదెబ్బకు ఒకవైపు తెల్లగా కాగితంలా అయిపోతుంది, లేదంటే ఉడుతలు, పిట్టలు ముందుగా రుచి చూస్తాయి. కాయ అడుగున ఆకుపచ్చ పోయి లేత గులాబీ జాడ కనిపించిన రోజే కోసి ఇంట్లోకి తెచ్చేయండి. నీడగా, గాలి ఆడే గదిలో ఒకే వరసగా తొడిమ వైపు కిందకి పెట్టి పేర్చండి, నాలుగైదు రోజుల్లో చక్కగా పండుతాయి. తొందరగా కావాలంటే ఎలాగూ ఈ కాలంలో ఇంట్లో మామిడిపళ్ల బుట్ట ఉంటుంది, దాని పక్కన పెట్టండి, పళ్ల నుంచి వచ్చే వాయువుకు టమాటా త్వరగా రంగెక్కుతుంది. పచ్చిగా ఉన్నవాటిని ఫ్రిజ్‌లో పెడితే ఇక పండవు, పండినా చప్పగా ఉంటాయి.

అడుగున నల్లగా, తోలులా మచ్చ పడినవి కనిపిస్తే పురుగు కాదు, తెగులూ కాదు. ఒకరోజు నీళ్లు ఎక్కువ పెట్టి, రెండు రోజులు మర్చిపోయి, మళ్లీ పెడితే కాల్షియం కాయ చివరిదాకా చేరదు. ఆ నల్లటి ముక్క కోసి పారేసి మిగతాది వండుకోవచ్చు. నీళ్లు కొంచెం కొంచెంగా, రోజూ ఒకే వేళకు పెట్టండి, పాదులో ఎండుటాకులు కప్పండి, తర్వాతి కాయలు బాగుంటాయి.

మిరపకు ఇంత కథ లేదు. కొమ్మలు పెళుసు, కత్తెరతో కోయండి, తొడిమ ఉంచండి. నీళ్లు తక్కువైన మొక్క కాయలు మామూలుకన్నా ఘాటుగా వస్తాయి, కూరలో లెక్క తగ్గించుకోండి. కాయలు కోశాక చేతులు మండుతుంటే ముందు కొంచెం వంటనూనె రాసి రుద్దుకుని తర్వాత సబ్బుతో కడుక్కోండి, కారం నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది.

తీగ కాయలు, చేదు సంగతి

బీర: చేతికి తీసుకుంటే కాయ సైజుకు తగ్గ బరువుండాలి, తేలిగ్గా అనిపిస్తే లోపల పీచు కట్టినట్టు. అంచుల మీద గోరు గుచ్చితే సులువుగా దిగాలి. పిందె పడిన వారానికల్లా కోతకొస్తుంది. సొర (కోస్తా వైపు ఆనపకాయ) పైన సన్నటి నూగు ఉండాలి, గోరు దిగాలి, నూగు పోయి నున్నగా మెరిసిందంటే ముదిరినట్టే. కోసేటప్పుడు రెండంగుళాల కాడ ఉంచి కోయండి. పొట్ల కాయ ఆకుపచ్చ చారలు స్పష్టంగా ఉండగానే కోయాలి, చివర పసుపు తిరిగితే ఆలస్యమైనట్టు. కాకర బుడిపెలు దగ్గర దగ్గరగా, గట్టిగా ఉన్నప్పుడు కోయండి. బుడిపెలు విడివడి, చివర లేత రంగుకు తిరిగిందంటే రేపో ఎల్లుండో నారింజ రంగులో పగిలి ఎర్ర గింజలు బయటపెడుతుంది.

తీగ కాయలు వెతకడానికి పందిరి పక్కన నిలబడి చూస్తే సగం కనపడవు. పందిరి కిందకి వెళ్లి కూర్చుని పైకి చూడండి, ఆకుల మధ్య నుంచి వెలుతురు పడి కాయ నీడ తెలుస్తుంది. కాకరకాయ ఆకు రంగులోనే ఉంటుంది కాబట్టి రెండు వైపుల నుంచీ చూడాలి.

ఇక చేదు. ఈ విషయంలో సరదా వద్దు. దోస, సొర, బీర, కీర కుటుంబంలో కుకుర్బిటాసిన్ అనే చేదు పదార్థం ఉంటుంది, ఎండ దెబ్బ, నీటి ఎద్దడి తగిలినప్పుడు అది కాయలో పెరగొచ్చు. దోసకాయ కోసిన ప్రతిసారీ చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూసి గానీ పప్పులో వేయరు మన ఇళ్లలో, అదే పద్ధతి సొరకాయకూ బీరకాయకూ పెట్టుకోండి. తొడిమ దగ్గర చిన్న ముక్క కోసి నాలుకకు తగిలించి, చేదు అనిపిస్తే ఉమ్మేసి నోరు కడుక్కుని కాయ మొత్తం పారేయండి. ఉడికిస్తే పోతుంది, ఉప్పు రాసి పిండితే పోతుంది అనుకోవద్దు, సొరకాయ చేదు వంటకు పోదు. చేదు సొరకాయ రసం తాగి వాంతులు, విరేచనాలు, రక్తం కక్కుకోవడం దాకా వెళ్లినవాళ్లున్నారు, ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. భారత వైద్య పరిశోధన మండలి, అదే ఐసీఎంఆర్, వేసిన నిపుణుల కమిటీ కూడా చేదు సొరకాయ రసం ముట్టొద్దనే చెప్పింది. పెంట కుప్ప మీద దానంతటదే మొలిచిన సొర పాదు కాయలతో ఇంకా జాగ్రత్త, దాని గింజ ఏ పాదు పుప్పొడితో కలిసిందో ఎవరికీ తెలియదు. కాకర చేదు వేరు, అది తినే చేదే.

పప్పులో వేసే దోసకాయ పూర్తిగా పసుపు తిరిగాక కోయండి, ఇంట్లో నీడన పెడితే వారాల తరబడి నిలుస్తుంది, ఫ్రిజ్ అక్కర్లేదు. గుమ్మడికి తొందరే లేదు: కాయ దగ్గరి నులితీగ ఎండిపోవాలి, కాడ గట్టిగా బెండులా అవ్వాలి, గోరు దిగకూడదు. కాడ పట్టుకుని ఎత్తొద్దు, కాడ ఊడిన గుమ్మడి అక్కడి నుంచే కుళ్లుతుంది. కోశాక వారం పదిరోజులు నీడలో గాలికి ఆరనిస్తే తోలు గట్టిపడి నెలలు నిలుస్తుంది.

మునగ కాయలు చిటికెనవేలు లావు దాటి, ఇంకా వంచితే కాస్త వంగుతున్నప్పుడు బాగుంటాయి. దోటితో కోయండి. మునగచెట్టు ఎక్కించడం మాటల్లోనే బాగుంటుంది, నిజంగా ఎక్కితే ఆ కొమ్మ పిల్లాడి బరువు కూడా ఆపదు.

ఆకుకూరలు

పాలకూర, కొత్తిమీర మీద ఆశ వదిలేయండి, ఈ ఎండకు పూతకు వెళ్లిపోతాయి. బచ్చలి, గోంగూర, తోటకూర, పొన్నగంటి మాత్రం నిలబడతాయి. తోటకూర వేళ్లతో పీకకుండా రెండు మూడు కణుపులు ఉంచి పైన కోస్తే మళ్లీ పక్క చిగుళ్లు వేస్తుంది. కంకి తల ఎత్తేలోపే కోయాలి, ఎత్తాక ఆకు పీచుగా ఉంటుంది. గోంగూర తల గిల్లండి, పక్క కొమ్మలు వస్తాయి, కొన్ని రకాల కాడలకు సన్న ముళ్లుంటాయి, చూసుకోండి. కరివేపాకు ఆకులు ఒక్కొక్కటీ దూయకుండా రెబ్బను మొదట్లో తుంచండి. కోయగానే ఆకుకూరలు చన్నీళ్లలో ఒకసారి ముంచి, దులిపి, తడి గుడ్డలో చుట్టేయాలి.

గాలివాన వచ్చేలోపు

మే చివర మధ్యాహ్నం గాలి స్తంభించి ఉక్కపోసి, పడమట మబ్బు కట్టిందంటే బుట్ట తీయండి. ఈ ఒక్క సందర్భంలో ఎండ వేళ కోయడం తప్పు కాదు. వరస ఇలా పెట్టుకోండి: మొదట రంగు తిరుగుతున్న టమాటాలన్నీ, ఎందుకంటే ఎండి ఉన్న మొక్కకు ఒక్కసారిగా నీళ్లు అందితే కాయ లోపలి నుంచి ఉబ్బి తోలు పగులుతుంది. తర్వాత పందిరి మీద వేలాడే సొర, పొట్ల లాంటి బరువు కాయలు, గాలికి ఊగి అవే తీగను తెంపేస్తాయి. ఆ తర్వాత మునగ. బెండ, వంగ రేపటికీ ఉంటాయి. గుమ్మడి కింద ఒక పాత టైల్ ముక్కో ఎండు గడ్డో పెట్టి రండి.

వాన వెలిశాక వెంటనే తడి ఆకుల్లో చేతులు పెట్టి కోయడం మొదలెట్టొద్దు, ముఖ్యంగా గోరుచిక్కుడు, బొబ్బర్ల లాంటి చిక్కుడు జాతిలో. ఒక మొక్క తెగులు తడి చేతులతో అన్నింటికీ అంటిస్తాం. ఆకులు ఆరాక, మర్నాడు.

కోసినవి నిలవ

కడిగి పెట్టొద్దు, వండే ముందు కడుక్కోవాలి. బెండకాయలు పొడిగా, పాత పేపర్లో చుట్టి ఫ్రిజ్ కింది అరలో. వంకాయకు బాగా చల్లదనం పడదు, రెండు మూడు రోజుల్లో వండేయడమే మంచిది.

ఫ్రిజ్ నిండిపోయినా, కరెంటు పోతూ వస్తూ ఉన్నా పనికొచ్చే పద్ధతి ఒకటుంది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ వాళ్లు రైతుల కోసం ఇటుకలతో రెండు గోడలు కట్టి, మధ్యలో ఇసుక నింపి తడిపే చల్లని గది రూపొందించారు, కరెంటు అక్కర్లేదు. మనం అదే పనిని రెండు మట్టి కుండలతో చేయొచ్చు. పెద్ద కుండలో అడుగున ఇసుక పోసి, చిన్న కుండను లోపల దించి, రెండింటి మధ్య ఖాళీలో ఇసుక నింపి, పొద్దున సాయంత్రం ఆ ఇసుకను తడపండి, పైన తడి గోనె కప్పండి. నీరు ఆవిరవుతూ లోపలి వేడి లాగేస్తుంది. రాయలసీమ, తెలంగాణ పొడి ఎండల్లో ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కాకినాడ, విశాఖ లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో గాల్లోనే తేమ కాబట్టి అంత చల్లబడదు, అక్కడ పెద్దగా ఆశ పెట్టుకోకండి.

ఎక్కువైతే ఒరుగులు, చల్ల మిరపకాయలు

ఇంత ఎండ ఊరికే పోనివ్వడం ఎందుకు. గోరుచిక్కుడు కాయలు ఉప్పు నీళ్లలో ఒక పొంగు రానిచ్చి, వడకట్టి, మేడ మీద పాత పంచె పరిచి ఆరబోయండి. వంకాయ, కాకర, బెండ చక్రాలుగా తరిగి కొంచెం ఉప్పు, పసుపు పట్టించి ఎండబెట్టండి. చేతిలో పట్టుకుని కదిపితే గలగలమనాలి, నడుమ విరిస్తే టక్కున విరగాలి, అప్పటిదాకా డబ్బాలో పోయొద్దు. పొద్దు వాలగానే లోపలికి తెచ్చేయాలి, రాత్రి చెమ్మకు మెత్తబడితే బూజు పడుతుంది.

చల్ల మిరపకాయలకు మరీ కారం లేని, కండగల పచ్చిమిరపకాయలు తీసుకోండి. తొడిమలు ఉంచి, ఒకవైపు నిలువునా చిన్న గాటు పెట్టండి, రెండు ముక్కలవ్వకూడదు. బాగా పులిసిన మజ్జిగలో కాస్త ఎక్కువ ఉప్పు, చిటికెడు వాము కలిపి, కాయలు మునిగేలా పోసి మూత పెట్టి రెండు మూడు రోజులు నానబెట్టండి, రోజుకోసారి కలపండి. కాయ ఆకుపచ్చ పోయి పాలిపోయిన రంగుకు వస్తుంది. అప్పుడు కాయలు మాత్రం తీసి పగలంతా ఎండలో పెట్టి, సాయంత్రం మళ్లీ అదే మజ్జిగలో వేయాలి. మర్నాడు మళ్లీ ఎండకు. ఇలా మజ్జిగ మొత్తం కాయలు పీల్చేసుకునేదాకా చేసి, ఆ తర్వాత తెల్లగా గట్టిపడేదాకా ఎండబెట్టండి. మజ్జిగ మిగిలిపోయిందని పారబోస్తే రుచంతా పారబోసినట్టే. ముద్దపప్పు అన్నంలోకి వేయించుకుంటే వానాకాలమంతా ఇంకేం వద్దనిపిస్తుంది.

గింజలకు ఏవి వదలాలి

మృగశిరకు విత్తుకోవాలంటే గింజ సంగతి ఇప్పుడే చూసుకోవాలి. చివరికి మిగిలిన గిడస కాయను గింజకు వదిలేయడం చాలామంది చేసే పని, అది వద్దు. బాగా కాసిన, తెగులు లేని మొక్క ఒకటి చూసి, దాని మీద మంచి కాయకు రంగు దారం కట్టండి, ఇంట్లో ఎవరూ పొరపాటున కోయకుండా. ఆ ఒక్క మొక్క కాపు తగ్గుతుంది, ఫర్వాలేదు. హైబ్రిడ్ విత్తనం వేసిన మొక్కలకు ఈ శ్రమ వద్దు, వాటి గింజలు తల్లిలా రావు, నాటు రకాలకే చేయండి.

బెండ, బీర చెట్టు మీదే పూర్తిగా ఎండాలి, బెండ కాయ అంచులు పగలడం మొదలవగానే కోసెయ్యండి. ఎండిన బీరకాయ అడుగు విరిచి దులిపితే గింజలు వచ్చేస్తాయి, మిగిలిన పీచు ఒళ్లు రుద్దుకోవడానికి ఉంచుకోండి. వంకాయ పసుప్పచ్చగా మారి మెత్తబడేదాకా ఉండాలి. టమాటా గింజల చుట్టూ జిగురు ఉంటుంది, గుజ్జును గ్లాసు నీళ్లలో వేసి ఈ వేడికి ఒకటి రెండు రోజులు వదిలేస్తే పులిసి ఊడిపోతుంది, అడుగుకు దిగిన గింజలే మంచివి, వాటిని కడిగి నీడలో ఆరబెట్టండి. గింజ ఏదైనా సరే మిట్టమధ్యాహ్నం ఎండలో, రేకు మీద ఆరబెడితే మొలక చస్తుంది.

పూర్తిగా ఆరాక కాస్త పొడి బూడిద కలిపి సీసాలో పోసి, మూత బిగించి, సీసా మీద కూరగాయ పేరు, నెల తప్పకుండా రాయండి, వంగ గింజా మిరప గింజా పక్కపక్కన పెడితే నారు పోసేదాకా ఏది ఏదో తెలియక గొడవ.